కొత్తింట్లో అన్నం వాసన

మొన్నామధ్య మా మనవరాలు ఏవో సన్నటి పొడుగు బియ్యం తెచ్చి వండింది. కుక్కరు మూత తీసిందో లేదో, ఆ వాసన వంటింట్లోంచి నేను కూర్చున్న గదిలోకి వచ్చేసింది. నేను తలెత్తి పైకప్పు కేసి చూశాను. పైన ఏముంటుంది, సిమెంటు స్లాబు, తిరుగుతున్న ఫ్యాను. ఏం చూస్తున్నావని పిల్ల అడిగింది. ఏం లేదన్నాను. అన్నం వాసన వస్తే పైకి చూడటం నాకు పాలపళ్లు ఊడే వయసులో పట్టుకున్న అలవాటు. ఆ సంగతి చెప్పాలంటే, మేం కొండ దిగి కొత్త ఇల్లు కట్టుకున్న ఏడు దగ్గర మొదలుపెట్టాలి.

మా పాత ఊరు కొండ నడుం మీద ఉండేది. ఒక ఎండాకాలం అడవి కచేరీ వాళ్లు వచ్చి ఊరి పైన సున్నం కొట్టిన రాళ్లు పాతి, వాటికి అవతల పోడు కొట్టకూడదని చెప్పి పోయారు. పోడు లేకపోతే మాకు చోళ్లు లేవు, సామలు లేవు. మా అయ్య ఇంకో నాలుగు ఇళ్లవాళ్లతో మాట్లాడుకుని, కింద గెడ్డ ఒడ్డుకు దిగిపోదామన్నాడు. మా అయ్యను కన్న తల్లిని నేను మామ్మ అనేదాన్ని. మామ్మ దిగనంది. కింద పారే నీళ్లు తాగితే ఒళ్లు బరువెక్కుతుందని, కింది మనుషులు మాటలు మోస్తారని ఆవిడ నమ్మకం. పైన ఒక్కతే ఉండలేక చివరికి దిగింది.

ఇల్లు కట్టబోయే చోటు మంచిదో కాదో చూడటానికి మావాళ్లకో పద్ధతి ఉంది. నేలలో చిన్న గుంటలు తీసి, ఆకుదొన్నెల్లో లెక్కపెట్టి బియ్యపు గింజలు పెట్టి, పైన రాయి కప్పుతారు. తెల్లారి తీసి చూస్తే గింజలు పెట్టినవి పెట్టినట్టు ఉండాలి. మామ్మే పెట్టింది, మామ్మే తీసింది. ఒక దొన్నెలో ఒక గింజ తగ్గింది. చీమ లాక్కుపోయి ఉంటుందన్నాడు మా అయ్య. చీమకి ఒక్క గింజే కావలసొచ్చిందా అని మామ్మ అడిగింది. అప్పటికే దూలాలు కొట్టి కిందికి దించేశారు కాబట్టి ఇల్లు అక్కడే లేచింది. కానీ ఆ పోయిన గింజ మాత్రం మామ్మ మనసులోంచి పోలేదు.

నాకైతే ఆ ఇల్లు పండగలా ఉండేది. వెదురు తడికెల మీద మెత్తిన మట్టి ఇంకా ఆరలేదు. గోడకి చెంప ఆనిస్తే చల్లగా ఉండేది. అమ్మ ఎర్రమట్టి కలిపి గోడల అడుగున పట్టీలు దిద్దుతుంటే, నేను వెనకే నడుస్తూ తడి పట్టీ మీద వేళ్లు నొక్కి దెబ్బలు తినేదాన్ని. పచ్చి దూలాల వాసన, కొత్త గడ్డి వాసన, పొయ్యి మీద ఉడికే కందికాయల వాసన కలిసిపోయి ఉండేవి. పొయ్యికి దూరంగా, గది మూల, వెదురు అటక ఒకటి కట్టారు. దాని మీద ఇప్పపువ్వు, చింతపండు, విత్తనాల గుమ్ములు దాచుకునేవాళ్లం.

మామ్మ ఆ ఇంట్లో ఏ శబ్దాన్నీ ఊరికే పోనిచ్చేది కాదు. దూలం కిర్రుమంటే ఎవరో నడిచారనేది. వానలు పట్టాక మా నల్ల కుక్క అటక కేసి చూసి గుర్రుమంటే, దానికి మనకి కనపడనిది కనపడుతోందనేది. అప్పట్నుంచే అటక మీద ఇప్పపువ్వు తగ్గిపోతోందని రోజూ తిట్టేది. అందులో నా చెయ్యి కొంత ఉండేది. ఎండిన ఇప్పపువ్వు నిప్పుల మీద వేయించి నువ్వులతో తింటే ఎంత బాగుంటుందో తిన్నవాళ్లకే తెలుసు. కానీ మామ్మ చెప్పేంత నేను తినలేదు.

వానలు పడే ముందు మా అయ్య తమ్ముడు, నా చిన్నయ్య, పెళ్లి చేసుకుని చిన్నమ్మని తీసుకొచ్చాడు. ముంచింగిపుట్టు సంత దాటి ఇంకా లోపలికి వెళితే వాళ్ల ఊరు. వాళ్లింట్లో ఒడియా కలిసిన మాట. చిన్నమ్మకి మా మాట అర్థమయ్యేది గానీ నోట తిరిగేది కాదు. కాదు అనడానికి 'నాయ్' అనేది. తల అడ్డంగా ఊపి మెల్లగా అనేది. మెడ నిండా పూసలు, ముక్కుకు రెండు వైపులా రింగులు. అమ్మకి ఆమె నచ్చింది. పిండి విసిరేటప్పుడు ఇద్దరూ తిరగలికి చెరోవైపు కూర్చుని, ఒకరి మాట ఒకరికి సగమే తెలిసినా నవ్వుకునేవాళ్లు. మామ్మ మాత్రం, మాట తెలియని మనిషి మనసు ఎలా తెలుస్తుందని అనేది.

వానలు పట్టుకున్నాక ఒక సాయంత్రం మామ్మ నన్ను దగ్గరకు పిలిచి, ముక్కు ఎగబీల్చి, గొంతు తగ్గించి అడిగింది.

"ఒలే గుంటా, నీకేటైనా వాసనొస్తందేటి?"

నేనూ ఎగబీల్చాను. వచ్చింది. కొత్త బియ్యం ఉడికి, గంజి వార్చేముందు కుండ మూత తీస్తే వచ్చే కమ్మటి వాసన. పొయ్యి మీద చూస్తే చోడి అంబలి. ఇంట్లో అన్నం వండి నెలలైంది. మాకు అన్నమంటే పెద్దలకు పెట్టే రోజునో, చుట్టం వస్తేనో. కొత్తింట్లో పెద్దలకు పెట్టుకోవడానికని అయ్య సంతలో అడ్డాకుల మోపులు ఇచ్చి తెచ్చిన బియ్యం మామ్మ పక్క దగ్గరే కుండలో ఉంది. మామ్మ వెళ్లి కుండ మూతి మీద కట్టిన గుడ్డ విప్పి, చెయ్యి పెట్టి చూసి వచ్చింది.

"మన బియ్యం తగ్గనేదు. మరి ఎవులి బియ్యమే ఇయి?"

ఆ మాట ఇప్పుడు వింటే చిన్నదిగా ఉంటుంది. అప్పుడు చిన్నది కాదు. ఆ రోజుల్లో మా కొండల్లో అలజడిగా ఉండేది. అడవిలో విల్లంబులు పట్టుకు తిరిగే మనుషులు కొందరు. వాళ్లను వెతుక్కుంటూ వచ్చిన కాకీ బట్టలవాళ్లు ఇంకొందరు. కాకీలు మా గెడ్డ కిందివైపున డేరాలు వేశారు. ఆ డేరాలకు బియ్యం బస్తాలు మా మగవాళ్ల వీపుల మీదే కొండ ఘాటీ ఎక్కేవి. ఎవరింట్లో ఎవరు అన్నం తిని వెళ్లారో, ఎవరు ఎటు పోయారో వెళ్లి చెప్పినవాళ్లకు ఆ బస్తాల్లోంచే దోసెడు బియ్యం కొలిచేవారని అందరూ అనుకునేవాళ్లు. నిజమో కాదో నాకు తెలియదు. కానీ పండగ కాని రోజున ఇంట్లో అన్నం వాసన వస్తే ఆ ఇంటి వంక ఊరంతా ఎలా చూస్తుందో పిల్లలకు కూడా తెలుసు.

ఇంట్లో కొత్తగా వచ్చిన మనిషి ఒక్కతే. అక్కణ్నుంచి మామ్మ కళ్లు చిన్నమ్మ వెంటే తిరిగాయి. ఆమె పొద్దు వాలే వేళకి కొంగు కింద ఏదో పెట్టుకుని గెడ్డకి వెళుతుంది. తిరిగొచ్చేటప్పుడు కూడా కొంగు ఉబ్బెత్తుగానే ఉంటుంది. గెడ్డ దారే డేరాల దారి. మామ్మ నన్ను ఆమె వెనక పంపేది. జలగలు కరుస్తుంటే కాళ్లు గోక్కుంటూ నాచురాళ్ల మీద నక్కి నక్కి వెళ్లేదాన్ని. ఒక్కసారి మాత్రం చిన్నమ్మ మేడిచెట్టు కింద వంగి, రాలిన పళ్లు ఏరుకోవడం చూశాను. వచ్చి చెబితే, మేడిపళ్లు సందు సందునా ఉన్నాయి, దానికోసం అంత దూరం ఎందుకని మామ్మ అంది. నాకూ ఆ మాట నిజమే అనిపించింది. ఆ రోజు నుంచి చిన్నమ్మ జడ వెయ్యడానికి పిలిచినా దగ్గరకు పోలేదు. ఆమె దువ్వెన చేత్తో పట్టుకుని కాసేపు నా కేసి చూసి, తిరిగి జుట్టుముడిలో దోపుకుంది.

అయ్యకి ఈ గోల నచ్చలేదు. వాసన పక్కింటి నుంచి వచ్చి ఉంటుందన్నాడు. కానీ ఒకరోజు తెల్లారగట్ల తనూ లేచి కూర్చుని గాలి ఎగబీల్చడం నేను చూశాను. తర్వాత ఆయన చిన్నమ్మ ఎదురుగా ఊరి కబుర్లు చెప్పడం మానేశాడు. అడవి వైపు వెళ్లొచ్చిన ఎవరైనా వసారాలో కూర్చుంటే, ఆమె నీళ్లు తెచ్చేసరికి అందరూ పంటల గురించి మాట్లాడేవాళ్లు. చిన్నమ్మకి అది తెలిసింది. తెలిసి చెంబు అక్కడ పెట్టి లోపలికి పోయేది.

వానలు కాస్త తెరిపిచ్చాక పెద్దలకు పెట్టే రోజు వచ్చింది. కొత్తింటి పొయ్యి మీద మొదటిసారి అన్నం వండి, చచ్చిపోయిన పెద్దల్ని కిందికి పిలిచి, ఇదిగో ఇక మనిల్లు ఇదేనని చెప్పుకోవాలి. అయినవాళ్లంతా వచ్చారు. మేక పడింది. వెదురు మొలకల కూర వండారు. జీలుగు కల్లు కుండలు వసారాలో వరసగా పెట్టారు. అడ్డాకుల విస్తళ్లు కుడుతూ ఆడవాళ్లు, వాటి పుల్లలతో కత్తియుద్ధం చేస్తూ మేము.

మా అత్త, అంటే అయ్య అక్క, మామతో వచ్చింది. మామ ఎప్పుడూ పిల్లలకు వెదురు బూరాలు చేసిపెట్టే మనిషి. ఆ రోజు ఏమీ చెయ్యలేదు. చలిమంట పక్కన చేతులు కట్టుకుని కూర్చున్నాడు. అంతకు రెండు నెలల ముందే ఆయన తమ్ముణ్ని కాకీలు పట్టుకుపోయారు. చేలో మంచె మీద పడుకున్నవాణ్ని తిన్నగా వచ్చి పట్టుకున్నారట. ఎవరో చెప్పకపోతే ఆ మంచె వాళ్లకు దొరకదని మామ నమ్మకం.

పెద్దలకు పెట్టడం అయింది. అందరూ తిన్నారు. అన్నం కుండ, బియ్యపు కుండ ఖాళీ చేసి, కడిగి, వసారా అరుగు మీద బోర్లించారు. మగవాళ్లు కల్లు దొప్పలతో లోపలి గదిలోనే చేరారు, బయట మళ్లీ తుంపర మొదలైంది. అప్పుడు ఆ వాసన వచ్చింది. పొయ్యి చల్లారిపోయింది. అయినా అన్నం ఇప్పుడే ఉడికినట్టు ఇల్లంతా పరుచుకుంది. మాటలు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. మామ్మ చిన్నమ్మ కేసి చూసింది, అంతే. మిగతావాళ్లూ అటే చూశారు.

మామ లేచి నిలబడ్డాడు. ఆయన గొంతు పెద్దది చెయ్యలేదు.

"మా తమ్ముణ్ని అట్టుకుపోయే ముందు కూడా ఎవులింట్లోనో బువ్వ ఉడికే ఉంటాది. ఆ ఇల్లేదో నాకు తెల్దు. ఈ ఇల్లు మాత్రం తెలిసింది."

చిన్నమ్మకి మొత్తం అర్థమైందో లేదో గానీ, అర్థం కావలసింది అయింది.

"నాయ్" అంది. "నాను వండనేదు."

మరి వాసన ఎక్కడిదని అడిగారు. రోజూ గెడ్డకి ఏం పట్టుకెళతావని అడిగారు. ఆమె చిన్నయ్య కేసి చూసింది. చిన్నయ్య అప్పటిదాకా గోడకి ఆనుకుని నేల చూస్తున్నాడు. నా పెళ్లాం అలాంటిది కాదని అతను ఒక్క మాట అని ఉంటే సరిపోయేదని మా అమ్మ నాతో తర్వాత ఎన్నోసార్లు అనేది. అతను తలెత్తకుండానే అన్నాడు:

"ఉన్నదేటో సెప్పీయ్. ఎందుకు దాస్తావు."

చిన్నమ్మ ముఖం ఆ మాటతో ఇంకోలా అయిపోయింది. తర్వాత ఎవరేం అడిగినా పెదవి విప్పలేదు.

ఆమె మూట తెమ్మన్నారు. అమ్మని విప్పమంటే తను విప్పనని చెప్పి పొయ్యి దగ్గరకు పోయి నిలబడింది. మా అత్త విప్పింది. ఒక చీర, కొమ్ము దువ్వెన, పుట్టింటి నుంచి తెచ్చుకున్న పూసల దండ, పొగాకు చుట్ట, చిన్నపిల్లప్పటి కంచు కడియం, ఆకులో చుట్టిన పసుపు కొమ్ము. ఒక్కొక్కటీ ఎత్తి, దులిపి, అందరికీ చూపించి చాప మీద పడేసింది. కొంగు కూడా విప్పించారు. అందులోంచి మెత్తబడిన మేడిపళ్లు నాలుగు రాలాయి. బియ్యం లేవు.

సరిగ్గా అప్పుడు మా నల్ల కుక్క అటక కిందకి దూరి, ముందుకాళ్లు గోడకి వేసి మొరగడం మొదలుపెట్టింది. దాన్ని చూసి మామ తెచ్చిన వేటకుక్కలు కూడా ఎగబడ్డాయి. అటక మీద గుమ్మి ఒకటి దొర్లి, విత్తనాలు జలజలా పడ్డాయి. వాటితోపాటు బూడిద రంగు జంతువొకటి, పొడుగు తోక, కళ్ల చుట్టూ నల్లటి మచ్చలు, మా మధ్యలోకి దూకింది. మానుపిల్లి. పునుగుపిల్లి జాతిది, ఇంకా పూర్తిగా ఎదగని పిల్ల. బెదిరిపోయి గది ఒక చుట్టు తిరిగి, కుక్కల మధ్యలోంచి ఎలా తప్పించుకుందో, చిన్నమ్మ భుజం మీదకి పాకి ఆమె మెడలో తల దూర్చేసింది. అది కదిలిన చోటల్లా అన్నం వాసన గుప్పుమంది.

ముందు ఎవరో నవ్వారు. ఇంకొకరు నవ్వారు. అయ్య నవ్వు ఆపుకోలేక వసారాలోకి పోయాడు. అడవిలో పుట్టి పెరిగినవాళ్లం, అడవిలో దాని ఒంట్లోంచి వచ్చే అన్నం వాసన అందరికీ తెలుసు. ఇంట్లో వస్తే మాత్రం మనిషి తప్పే గుర్తుకొచ్చింది. మామ్మ దగ్గరకు వెళ్లి, దాని వీపు దగ్గర ముక్కు పెట్టి చూసి, "ఇదా" అంది. మామ నవ్వలేదు. ఆయన తమ్ముడు ఆ నవ్వులతో తిరిగి రాడు కదా. గొంగడి కప్పుకుని, అత్తని లేవమని, వానలోనే బయలుదేరిపోయాడు.

చిన్నమ్మ నవ్వలేదు, ఏడవలేదు. మానుపిల్లిని భుజం మీద అలాగే ఉంచుకుని, చాప మీద పడేసిన తన వస్తువులు ఏరుకుని, దుమ్ము దులుపుకుని, మూట కట్టుకుంది. మర్నాడు పొద్దున్నే పుట్టింటి దారి పట్టింది. అమ్మ గెడ్డ దాకా వెళ్లి బతిమాలింది. ఆగలేదు. చిన్నయ్య రెండు రోజులు పొయ్యి దగ్గర ముడుచుకుని కూర్చుని, మూడోనాడు గొడ్డలి భుజాన వేసుకుని ఆమె వెనకే వెళ్లిపోయాడు. అక్కడే అత్తారింట్లో ఉండిపోయాడు.

ఆ ఏడు సామలు కోతకొచ్చాయి. కొత్త గింజ వండుకుని ఇంటివాళ్లంతా కలిసి తినే పండగ మాకుంది. అమ్మ వడ్డించింది. మామ్మ విస్తరి ముందు కూర్చుని చెయ్యి కదపలేదు. ఇంటి మనుషులు తక్కువున్నారంది. వాళ్లు రారని అయ్య చెప్పాడు. మామ్మ లేచి, వండిన సామలు ఆకులో మూట కట్టించి, నన్ను వెంటబెట్టుకుని బయలుదేరింది. కొండ దిగడానికే ఒప్పుకోని మనిషి, వలిసె పూలు పచ్చగా విరగబూసిన మళ్ల గట్ల మీదుగా ఎండెక్కేదాకా నడిచింది. దారిలో ఎదురైన ప్రతివాణ్నీ, వీడు ఎవరి మనిషో అని నిలబడి చూసి, దాటిపోయాక గానీ కదిలేది కాదు. ఆ అలవాటు మాత్రం పోలేదు.

చిన్నమ్మ వాకిట్లో చోళ్లు చెరుగుతోంది. మమ్మల్ని చూసి చేట పక్కన పెట్టింది గానీ లేవలేదు. మామ్మ ఆమె ఎదుట నేల మీద కూర్చుంది.

"నిన్ను తీసుకెల్లడానికి రానేదు. కొత్త సామలు నువ్వు తినకుండా నానెలా తింతాను" అంది.

ఇద్దరూ ఆ ఆకు మూట విప్పుకుని తిన్నారు. నాకూ పెట్టారు. తింటూ తింటూ చిన్నమ్మ చెప్పింది. ఆ మానుపిల్లి పిల్ల జీలుగు చెట్టు కింద దొరికిందట, తల్లి లేదట. పొద్దు వాలే వేళ కొంగులో దాచి గెడ్డకి తీసుకెళ్లి, మేడిపళ్లు తినిపించి తెచ్చేదట. మా ఇంట్లో అడుగుపెట్టిన నాడే చిన్నయ్య వేటాడి తెచ్చిన మానుపిల్లిని కూర వండి వడ్డించారట. దీన్నీ వండేస్తారని నోరు విప్పలేదట. పీకల మీదికి వచ్చినప్పుడైనా చెప్పాల్సింది కదే అని మామ్మ అంది. అడిగినవాళ్లెవరూ వినడానికి అడగలేదని చిన్నమ్మ అంది. ఈసారి మా మాటలోనే, తప్పు లేకుండా అంది. మానుపిల్లి ఎక్కడుందని నేను అడిగితే, పెద్దదై అడవిలోకి పోయిందని కొండ కేసి చూపించింది.

బయలుదేరే ముందు ఆమె చెప్పిన మాట నాకు ఇప్పటికీ గుర్తు.

"పండక్కి వత్తాను. పనుంటే వత్తాను. ఆ ఇంట్లో తొంగోడానికి మాత్రం రాను."

అన్నట్టే వచ్చేది. నాట్లకి వచ్చేది, కోతలకి వచ్చేది, నా పెళ్లికి వచ్చి పసుపు దంచింది. పొద్దు వాలకముందే వెళ్లిపోయేది. వెళ్లే ముందు వసారాలో కూర్చుని, ఎవరూ అడగకుండానే, తన మూట విప్పి, ఉన్నవన్నీ ఒక్కొక్కటి తీసి మామ్మ ముందు పెట్టేది. చూపించి, మళ్లీ కట్టుకుని లేచేది. కోపంగా చేసేది కాదు. చీపురు పట్టినట్టు, నీళ్లు తోడినట్టు, పనిలా చేసేది. మొదట్లో మామ్మ ముఖం తిప్పుకునేది. తర్వాత తర్వాత తల వంచుకుని కూర్చునేది. డేరాలు ఎత్తేసి కాకీలు వెళ్లిపోయి, ఏళ్లు గడిచాయి. మామ తమ్ముడి సంగతి ఎవరు చెప్పారో ఎప్పటికీ తేలలేదు. ఆ మూట విప్పడం మాత్రం ఆగలేదు.

మామ్మ చివరి రోజుల్లో ఒకసారి చిన్నమ్మ మూట ముడి మీద చెయ్యి వేయగానే, మామ్మ తన చెయ్యి దాని మీద పెట్టింది.

"ఇప్పకు. నా కల్లు పోనాయి. నాకేటీ అగుపించదు."

అది అబద్ధం. అంతకు ముందురోజే వాకిట్లోంచి, గెడ్డ అవతల పోయే మనిషిని గుర్తుపట్టి ఎవరింటికి పోతున్నాడో అని అడిగింది. చిన్నమ్మకి ఆ సంగతి తెలియకపోయినా, ఆ కళ్లు చూస్తే తెలుస్తుంది. అయితే చేత్తో చూడమని చెప్పి, ఆమె ముడి విప్పి, ఒక్కో వస్తువూ మామ్మ చేతిలో పెట్టింది. దువ్వెన, చీర, పొగాకు. మామ్మ ఒక్కొక్కటీ తడిమి, పేరు చెప్పి తిరిగి ఇచ్చింది. చివర్న చేతిలో ఏమీ లేకపోయినా ఆ చెయ్యి చిన్నమ్మ చేతిలోనే ఉండిపోయింది.

మామ్మ పోయాక దినాలకి చిన్నమ్మ వచ్చింది. పొద్దు వాలింది. ఆమె లేచి మూట అందుకుంది. విప్పుతుందేమోనని మేమంతా వసారాలో నిలబడి చూశాం. విప్పలేదు. భుజాన వేసుకుని, చిన్నయ్యని పిలిచి, గెడ్డ దాటి వెళ్లిపోయింది. ఆ రోజు ఆ మూటలో ఏముందో నాకు తెలియదు. అడగాలని మాలో ఒక్కరికీ అనిపించలేదు.